ఉక్కులోని చెట్టు – లోహం గడ్డకట్టే తీరు

ఇనుము కాలినప్పుడే సాగగొట్టాలని మన పెద్దల మాట. అదను తప్పితే పని చెడుతుందని దాని భావం. ఈ సామెత వేడిమి విలువను చెప్పింది గాని, చల్లారటం సంగతి చెప్పలేదు. లోహాన్ని ఎరిగినవారికి మరొక సత్యం కూడ తెలుసు. లోహం గుణం కొలిమిలో సగమే తేలుతుంది. మిగిలిన సగం అది చల్లారే వేళ తేలుతుంది. కరిగిన లోహం ఘనరూపం దాల్చే ఆ కొద్ది సమయంలో దాని లోపల కొమ్మలు, రెమ్మలు గల స్ఫటికాలు చెట్లవలె పెరుగుతాయి. ఆ చెట్లు ఎట్టి పరిస్థితులలో పెరిగినవో, ఆ గుర్తు లోహంలో నిలిచిపోతుంది. ఘనపదార్థం తన పుట్టుకను అంత సులభంగా మరువదు. ఈ విషయాన్ని శాస్త్రరీత్యా వివరించి, దానికి మన తెలంగాణ గడ్డతో గల సంబంధాన్ని చూపటమే ఈ వ్యాసం ఉద్దేశం.

కంటికి కనిపించే చెట్లు

ఈ శాఖాస్ఫటికాలను చూడటానికి గొప్ప ప్రయోగశాల అవసరం లేదు. గద్వాలలోగాని, వనపర్తిలోగాని, నాగర్‌కర్నూల్‌లోగాని పాతకాలపు జింకు బకెట్టు ఒకటి ఇంట్లో ఉంటే దానిని ఎండలో కొంచెం వాల్చి చూడండి. దాని మీద బూడిద రంగులో, వెండి రంగులో పువ్వులవంటి, ఈకలవంటి మచ్చలు కనిపిస్తాయి. అవి ఎవరూ చెక్కినవి కావు. ఇనుప రేకును కరిగిన జింకులో ముంచి పైకి తీసినప్పుడు, సుమారు 420 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద ఆ జింకు పొర గడ్డకట్టింది. అప్పుడు ఒక్కొక్క చోట ఒక్కొక్క స్ఫటికం మొలకెత్తి, నలుదిక్కులా కొమ్మలు చాచి, పక్క స్ఫటికం అడ్డు తగిలేవరకు పెరిగింది. జింకులో కొద్దిగా సీసం కలిసి ఉంటే ఈ పువ్వులు మరింత పెద్దవవుతాయి.

ఇట్టి స్ఫటికాలకు పాశ్చాత్య శాస్త్రజ్ఞులు డెండ్రైట్లు అని పేరు పెట్టారు. గ్రీకు భాషలో డెండ్రాన్ అంటే చెట్టు. మనం వీటిని శాఖాస్ఫటికాలు అనవచ్చు. సాధారణంగా లోహంలో ఇవి కంటికి ఆననంత చిన్నవి. అయితే ఒక్కొక్కప్పుడు ఆశ్చర్యం గొలిపే పరిమాణంలో కూడ దొరుకుతాయి. చెర్నోవ్ అనే రష్యన్ లోహశాస్త్రజ్ఞుడు 19వ శతాబ్దం చివరి భాగంలో ఒక పెద్ద ఉక్కు దిమ్మలోని బోలు భాగంలో ఏర్పడిన 39 సెంటీమీటర్ల శాఖాస్ఫటికాన్ని భద్రపరచి లోకానికి చూపాడు. కాండం, కొమ్మలు, కొమ్మలకు రెమ్మలు, అన్నీ ఉక్కుతోనే! నేటికీ అది చెర్నోవ్ స్ఫటికమనే పేరుతో ప్రసిద్ధమై ఉన్నది.

కొమ్మలు ఎందుకు వేస్తాయి?

ద్రవం గడ్డకట్టవలసిన ఉష్ణోగ్రతకు చేరగానే అంతా ఒక్కసారిగా గడ్డకట్టదు. ముందుగా ఏదో ఒక చోట పరమాణువులు క్రమంగా అమరి ఒక చిన్న బీజం ఏర్పడాలి. అందుకొరకు ద్రవం తన ఘనీభవన స్థానానికి కొంత దిగువకు చల్లారుతుంది. దీనినే అతిశీతల స్థితి అంటారు. బీజం పడిన తర్వాత దానిమీద పరమాణువులు చేరుతూ ఉంటాయి. అలా చేరిన ప్రతిసారి గుప్తోష్ణం వెలువడుతుంది. ఈ వేడి బయటకు పోతేనే స్ఫటికం ఇంకా పెరగగలదు. పోకుంటే పెరుగుదల ఆగిపోతుంది. కనుక స్ఫటికం పెరుగుదల అంటే వేడిని వదిలించుకునే ప్రయత్నమేనని చెప్పవచ్చు.

ఇప్పుడు స్ఫటికం ఉపరితలం నునుపుగా ఉన్నదని అనుకుందాం. దానిమీద యాదృచ్ఛికంగా ఒక చిన్న బొడిపె లేచింది. జనసమ్మర్దంలో నిలబడినవారికంటే గుంపునుంచి ఒక అడుగు ముందుకు వేసినవారికి గాలి ఎక్కువ తగులుతుంది గదా! అట్లే ఆ బొడిపె కొస చల్లని ద్రవంలోకి చొచ్చుకొని పోయి, తన వేడిని అన్ని వైపులా సులభంగా వదులుతుంది. అందువలన అది మిగిలిన ఉపరితలంకంటె వేగంగా పెరుగుతుంది. పెరిగినకొద్దీ ఇంకా ముందుకు పోతుంది. ముందుకు పోయినకొద్దీ ఇంకా వేగంగా పెరుగుతుంది. ఇట్లు బొడిపె కాండమవుతుంది. ఆ కాండం పక్కల మీద లేచిన చిన్న బొడిపెలకూ ఇదే న్యాయం వర్తిస్తుంది, అవి కొమ్మలవుతాయి. ముల్లిన్స్, సెకెర్కా అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు 1963, 1964 సంవత్సరాలలో ఈ అస్థిరతను గణితరూపంలో నిరూపించారు.

అయితే ఈ కొస సూదివలె అంతులేకుండా సన్నబడదు. ద్రవానికి, ఘనానికి మధ్యగల హద్దుకు తలతన్యత ఉన్నది. అది వాడిగా ఉన్న కొసను మొద్దుబార్చాలని చూస్తుంది. ముందుకు దూకమనే వేడిమి న్యాయం ఒకవైపు, వెనుకకు లాగే తలతన్యత మరొకవైపు. ఈ రెండింటి నడుమ కుదిరిన రాజీయే కొమ్మ కొస ఆకారం.

మరి కొమ్మలు ఏ దిక్కున పోతాయి? దీనిని స్ఫటికం లోపలి అమరిక నిర్ణయిస్తుంది. అల్యూమినియం, నికెల్ వంటి లోహాలలో పరమాణువులు ఘనాకారంలో అమరి ఉంటాయి గనుక కొమ్మలు ఒకదానికొకటి లంబంగా సాగుతాయి. మంచులో అమరిక షడ్భుజాకారం గనుక మంచురేణువుకు ఆరు చేతులు. ఈ ఆరు సంఖ్యను గురించి ఖగోళశాస్త్రజ్ఞుడైన కెప్లర్ 1611లోనే ఒక చిన్న గ్రంథం వ్రాశాడు. జపాన్ దేశీయుడైన నకాయా 1936లో ప్రయోగశాలలో కృత్రిమంగా మంచురేణువును పెంచి, గాలిలోని తేమను, ఉష్ణోగ్రతను మార్చినకొద్దీ దాని ఆకారం మారుతుందని చూపాడు. పదార్థం ఒక్కటే, పరిస్థితి మారితే రూపం మారింది. ఈ ఒక్క మాటను మనసులో ఉంచుకుంటే మిగిలిన వ్యాసమంతా సుబోధకమవుతుంది.

నెట్టివేయబడిన పదార్థం

ఇంతవరకు శుద్ధపదార్థాన్ని గురించి చెప్పుకున్నాము. మిశ్రమాలలో మరొక విశేషం చేరుతుంది. వేసవిలో పిల్లలు పుల్ల ఐసు చప్పరించటం చూడండి. మొదట తీయని రసమంతా నోటిలోకి వచ్చేస్తుంది. చివరకు తెల్లని చప్పటి మంచుముక్క పుల్లకు మిగులుతుంది. నీరు గడ్డకట్టేటప్పుడు మంచుస్ఫటికం నీటి అణువులనే తనలో చేర్చుకొని, చక్కెరను, రంగును బయటకు నెట్టివేస్తుంది. ఆ నెట్టబడిన పాకం మంచుకొమ్మల మధ్య సందులలో చిక్కుకొని ఉంటుంది.

ఉక్కులోనూ జరిగేది ఇదే. ముందుగా గడ్డకట్టే కొమ్మలలో ఇనుము పాలు ఎక్కువ. కార్బన్‌ను, గంధకాన్ని, భాస్వరాన్ని, మరి కొన్ని మూలకాలను ఆ కొమ్మలు చాలవరకు బయటకు తోసివేస్తాయి. చిట్టచివర గడ్డకట్టేది కొమ్మల నడుమనున్న ద్రవం. అందులో ఈ మూలకాలు పేరుకొని ఉంటాయి. పైకి ఏకరూపంగా కనిపించే లోహంలో లోపల ఒక సూక్ష్మమైన హెచ్చుతగ్గుల నమూనా ఏర్పడుతుంది. ఇట్లు పేరుకున్న పదార్థం కొస ముందున్న ద్రవం ఘనీభవన స్థానాన్ని తగ్గించి, కొమ్మలు వేయటాన్ని ఇంకా ప్రోత్సహిస్తుంది. ఈ సంగతిని 1953లో టిల్లర్, చామర్స్ మొదలైనవారు వివరించారు.

చల్లారే వేగం ఈ నమూనాను శాసిస్తుంది. త్వరగా చల్లారితే కొమ్మలు సన్నగా, దగ్గర దగ్గరగా ఉంటాయి. నెమ్మదిగా చల్లారితే లావుగా, దూర దూరంగా ఉంటాయి. పక్కకొమ్మల మధ్య దూరం, గడ్డకట్టటానికి పట్టిన కాలానికి ఇంచుమించు ఘనమూలంగా పెరుగుతుందని ప్రయోగాలు చూపినవి. అనగా గడ్డకట్టే కాలం ఎనిమిది రెట్లయితే కొమ్మల దూరం రెండు రెట్లవుతుంది. కనుక పోతపోసిన ముక్కను కోసి, నునుపు చేసి, ఆమ్లం తగిలించి, సూక్ష్మదర్శినిలో కొమ్మల దూరం కొలిచి, అది ఎంత వేగంగా చల్లారిందో ఏండ్ల తర్వాత కూడ అంచనా కట్టవచ్చు. ఇది కేవలం వినోదం కాదు. బోరుబావి పంపులోని పోతచక్రం పగిలిందంటే, కొమ్మల మధ్య సందులకు చివరి ద్రవం చేరక బోలుగా మిగలటం ఒక కారణం కావచ్చు. రైతు పొలానికి నీరు అందటం, అందకపోవటం ఒక్కొక్కప్పుడు ఈ కంటికి కనిపించని కొమ్మల మీద ఆధారపడి ఉంటుంది.

భూమి ఆకర్షణ కూడ ఈ పరిస్థితులలో ఒకటి. వేడి ద్రవం పైకి, చల్లని ద్రవం క్రిందికి కదలటం వలన కొమ్మ పెరుగుదల కలతపడుతుంది. ఆ కలత లేకుండా కొమ్మ ఎట్లు పెరుగుతుందో చూడటానికి అమెరికా శాస్త్రజ్ఞుడు గ్లిక్స్‌మన్ రూపొందించిన ఉపకరణం 1994, 1996, 1997 సంవత్సరాలలో మూడుమార్లు అంతరిక్ష నౌకలో ప్రయాణం చేసింది. మూడవ ప్రయాణం మన భారతదేశంలో పుట్టిన కల్పనా చావ్లా మొదటిసారిగా అంతరిక్షానికి వెళ్ళిన ప్రయాణమే కావటం మనకు సంతోషం కలిగించే విషయం.

కోనసముద్రం మూసలు

ఇక మన గడ్డ సంగతికి వద్దాము. పాలమూరు సీమనుంచి ఉత్తరంగా వెళ్ళితే నిజామాబాద్ జిల్లాలో కోనసముద్రం అనే గ్రామం ఉన్నది. ఒకప్పుడు ఇక్కడి ఉక్కు కొరకు పారశీక వర్తకులు ఎడారులు, కడలులు దాటి వచ్చేవారు. 1820 ప్రాంతంలో ఈ గ్రామాన్ని దర్శించిన వాయిసీ అనే వైద్యుడు, భూగర్భశాస్త్రజ్ఞుడు ఇక్కడి పద్ధతిని వ్రాసిపెట్టాడు. అతని మరణానంతరం 1832లో బెంగాల్ ఆసియాటిక్ సొసైటీ పత్రిక దానిని ప్రచురించింది. ఇస్ఫహాన్ నుంచి వచ్చిన ఒక హాజీ అక్కడే ఉండి ఉక్కు కొనుగోలు చేయటం వాయిసీ స్వయంగా చూశాడు.

ఆ పద్ధతి ఇట్లున్నది. నల్లని అయస్కాంత ఇసుక నుంచి తీసిన ఇనుము మూడు పాళ్ళు, వేరొక ఖనిజం నుంచి తీసిన ఇనుము రెండు పాళ్ళు కలిపి మట్టిమూసలో పెట్టి మూత బిగించేవారు. మూస మట్టిలో వరి ఊక కలిపేవారు. తిత్తులతో 24 గంటలపాటు కొలిమి మండించి, ఆ తర్వాత తిత్తులు ఆపి, మూసలను కొలిమిలోనే మెల్లగా చల్లారనిచ్చేవారు. అట్లు దొరికిన ఉక్కు బిళ్ళ పెళుసుగా ఉండేది. దానికి మట్టి పూసి 12 నుంచి 16 గంటలపాటు మళ్ళీ కాచి చల్లార్చేవారు. సుత్తెదెబ్బకు లొంగేవరకు ఇట్లు మూడు నాలుగుమార్లు చేసేవారు. ఈ వివరాలలో ప్రధానమైనది 'మెల్లగా చల్లారనిచ్చేవారు' అన్న మాట. సుమారు ఒకటిన్నర శాతం కార్బన్ గల ఆ ఉక్కు ఇంచుమించు రెండు వందల డిగ్రీల మేర కొద్దికొద్దిగా గడ్డకడుతుంది. ఆ నిదానంలో లావైన కొమ్మలు దూర దూరంగా పెరిగేవి.

ఈ ఉక్కుతో చేసిన ఖడ్గానికి పడమటి దేశాలలో డమాస్కస్ కరవాలమని పేరు వచ్చింది. మన ఉక్కు అనే మాటయే ఇంగ్లీషువారి నోట వూట్జ్ అయిందని పండితులు చెబుతారు. ఆ ఖడ్గం మీద పారే నీటి అలలవంటి గీతలు కనిపించేవి. అరబ్బీ, పారశీక భాషలలో దీనిని ఫిరింద్ అన్నారు. ఉర్దూలో దీనికి జౌహర్ అని పేరు. రత్నం, సారం, స్వతస్సిద్ధమైన గుణం, పరమాణువు, కత్తి మీది గీతలు, ఇన్ని అర్థాలు ఆ ఒక్క మాటలో ఇమిడి ఉండటం గమనింపదగినది. కత్తి జౌహర్ పైన పూసిన సొగసు కాదు, లోపలి గుణం బయటకు కనిపించటమని ఆ భాష ఎన్నడో గ్రహించింది. 9వ శతాబ్దంలో అల్ కిందీ ఖడ్గాలను గురించి ప్రత్యేక గ్రంథమే వ్రాశాడు. 11వ శతాబ్దంలో అల్ బిరూనీ ఈ గీతల పుట్టుకను మూసలో కరిగిన పదార్థాలు పూర్తిగా ఏకం కాకపోవటంతో ముడిపెట్టాడు.

యూరపు శాస్త్రజ్ఞులు ఈ రహస్యం కొరకు చాల శ్రమించారు. 1795లో పియర్సన్ వూట్జ్‌ను పరీక్షించాడు. మైకేల్ ఫారడే 1819లో దానిని విశ్లేషించి అల్యూమినియం, సిలికాలే దాని ప్రత్యేకతకు కారణమని తలచాడు. ఆ అభిప్రాయం తర్వాత నిలువలేదు. రష్యాలో అనోసోవ్ ఏండ్ల తరబడి ప్రయోగాలు చేసి 1841లో ఒక గ్రంథం వెలువరించాడు. ఇంతలోనే, 19వ శతాబ్దం గడిచేకొద్దీ, మన మూసకొలిములు ఒక్కొక్కటే ఆరిపోయినవి.

గీతల రహస్యం

1998లో అమెరికాకు చెందిన వెర్‌హోవెన్ అనే లోహశాస్త్రజ్ఞుడు, పెండ్రే అనే కమ్మరి, మరొక సహచరుడు కలిసి ఒక వివరణ ప్రకటించారు. మూసలో ఉక్కు గడ్డకట్టేటప్పుడు కొమ్మల మధ్య సందులలోకి వనేడియం వంటి మూలకాలు నెట్టబడతాయి. వాటి పాలు 0.02 శాతానికి లోపే ఉన్నా చాలు. బిళ్ళను సాగగొట్టినప్పుడు ఆ సందుల వరుసలు కత్తి తలానికి సమాంతరంగా పొరలు పొరలుగా పరుచుకుంటాయి. కమ్మరి దానిని పలుమార్లు కాచి చల్లార్చినప్పుడు, ఇనుము కార్బన్‌ల సంయోగమైన సిమెంటైట్ రేణువులు ఆ పొరల వెంబడే గుమికూడుతాయి. చివరకు ఆమ్లగుణం గల ద్రవం పూయగానే రేణువుల వరుస తెల్లగా, మిగిలినది నల్లగా తేలుతుంది. అదియే జౌహర్! అనగా ఆ కత్తి మీది అల, మూసలో పెరిగిన చెట్టు జాడ.

ఆ విద్య ఎందుకు అంతరించిందన్న ప్రశ్నకు కూడ ఈ వివరణ ఒక దారి చూపింది. వనేడియం ఉన్న ఖనిజం తరిగిపోయి, వేరొక ఖనిజం వాడినప్పుడు కమ్మరి తన తండ్రి చేసినట్టే అన్నీ చేసినా గీతలు పడి ఉండవు. లోపం తన చేతిలో లేదని, రాతిలో ఉన్నదని అతనికి తెలిసే మార్గం లేదు. చవకైన సీమ ఉక్కు పోటీ, రాజ్యాల పతనంతో ఖడ్గాలకు గిరాకి తగ్గటం కూడ తోడైనవి. చేతిలో ఉన్న జ్ఞానం కాగితం మీదికి ఎక్కనందున, రెండు మూడు తరాలు గడిచేసరికి చేయి ఆగిపోయింది, జ్ఞానమూ ఆగిపోయింది. కోనసముద్రం పద్ధతిని మనకు చెప్పింది ఒక పరదేశి వ్రాసిన కొద్దిపాటి పుటలు, ఊళ్ళ వెలుపల మిగిలిన చిట్టెపు కుప్పలు, మూస పెంకులు. 2010లో ఉత్తర తెలంగాణలో దేశ, విదేశ శాస్త్రజ్ఞులు ఊరూరా తిరిగి ఈ అవశేషాలను నమోదు చేయవలసి వచ్చింది.

హైదరాబాదులో ఒంటి స్ఫటికం

అయితే కథ అక్కడ ముగియలేదు. హైదరాబాదులో 1963లో రక్షణశాఖ లోహపరిశోధనశాల, 1973లో మిశ్రధాతు నిగమం వెలిసినవి. విమానపు జెట్ ఇంజనులోని టర్బైను రెక్క తీవ్రమైన వేడిని, తిరిగే వేగాన్ని ఒకేసారి ఓర్చుకోవాలి. మామూలు పోతలో అనేక స్ఫటికాలు ఉంటాయి. వాటి మధ్య హద్దుల వద్దనే రెక్క మొదట చీలుతుంది. కనుక రెక్క అంతా ఒకే స్ఫటికమైతే ఆ హద్దులే ఉండవు. అందుకొరకు కరిగిన నికెల్ మిశ్రమలోహం ఉన్న అచ్చును కొలిమినుంచి క్రిందికి మెల్లగా దించుతారు. అడుగున అనేక స్ఫటికాలు మొలకెత్తినా, మెలికలు తిరిగిన ఒక సన్నని దారి గుండా ఒక్కటి మాత్రమే పైకి పోగలదు. ఆ ఒక్కటే కొమ్మలు వేస్తూ రెక్కనంతా నింపుతుంది. ఈ పరిశోధనశాల ఇట్టి 60 రెక్కలను హెలికాప్టరు ఇంజను కొరకు హిందుస్థాన్ ఏరోనాటిక్స్ సంస్థకు అందజేసినట్లు 2021 ఏప్రిల్‌లో ప్రకటన వెలువడింది.

కోనసముద్రం కమ్మరి తిత్తి ఆపి వేచి ఉన్నాడు. నేటి ఇంజనీరు అచ్చును అంగుళం అంగుళంగా దించుతున్నాడు. ఇద్దరి పనీ ఒక్కటే: చెట్టు పెరగవలసిన పరిస్థితిని సమకూర్చటం. భేదం ఒక్కటే. నేటివాడు ప్రతి డిగ్రీని, ప్రతి నిమిషాన్ని వ్రాసి ఉంచుతున్నాడు.

విద్యార్థి మిత్రులారా! వనపర్తి రాజభవనంలో 1959లో పాలిటెక్నిక్ వెలిసిన నాటినుండి మన సీమలో యంత్రవిద్యకు లోటు లేదు. మనం చేయదగిన పనులు కొన్ని ఉన్నవి. పటికను వేడినీటిలో కరిగించి, ఒక పాత్రను త్వరగా, మరొక పాత్రను నెమ్మదిగా చల్లార్చి స్ఫటికాల పరిమాణం పోల్చి చూడండి. హైదరాబాదు వెళ్ళినప్పుడు సాలార్‌జంగ్ మ్యూజియంలోని ఖడ్గాల ముందు ఒక్క నిమిషం ఎక్కువ నిలవండి. అన్నిటికంటె ముఖ్యంగా, మీ ఊరి కమ్మరి, కంచరి వృద్ధులను అడిగి, లోహం ఎంతసేపు చల్లార్చాలో, ఏ రంగు వచ్చేదాకా ఆగాలో వారి మాటలలోనే నోటుపుస్తకంలో వ్రాసుకోండి. తెలుగులో చెప్పినా ఉర్దూలో చెప్పినా ఆ మాటలు విలువైనవే. మన ప్రయోగశాలకు లోహాలను పరీక్షించే ఒక సూక్ష్మదర్శినిని సమకూర్చి, ఇట్టి పుస్తకాలను గ్రంథాలయంలో భద్రపరచే ఏర్పాటు చేయవలసిందిగా కళాశాల కమిటీ పెద్దలకు సవినయంగా మనవి చేస్తున్నాను. లోహం తన పుట్టుకను తనలో వ్రాసుకుంటుంది. మనిషి నేర్చినది మాత్రం మనిషే వ్రాయాలి.